రాత్రి నిద్ర పట్టిందా

మా అత్తయ్యగారు ఇంట్లో నన్ను ఏనాడూ అడగని మాట బడిలో రోజూ అడిగేవారు.

"మధులతగారూ, రాత్రి నిద్ర పట్టిందా అండీ?"

ఇంట్లో నేను కోడలిని, నువ్వు. బడిలో విద్యా వాలంటీరుని, మీరు. మా ఇంటి గుమ్మం దాటి బడి మెట్లెక్కేలోపు నాకు అంత మర్యాద పెరిగిపోయేది. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు అది దారిలోనే ఎక్కడో జారిపోయేది. "మధూ, పాలు పొంగిపోతున్నాయి, కళ్ళెక్కడ పెట్టుకున్నావ్?" అన్న కేకతో మళ్ళీ కోడలినైపోయేదాన్ని.

మాది గోదావరి పాయ వశిష్ఠ ఏటిగట్టు కింద ముత్యాలరేవు. అత్తయ్యగారు, అంటే సీతారామలక్ష్మిగారు, ఆ ఊరి ప్రాథమిక పాఠశాలకు హెడ్మిస్ట్రెస్. బడి సరిగ్గా గట్టు పాదాన్ని ఆనుకుని ఉండేది. రెండు గదులు, వాటి ముందు వరండా, వెనక మధ్యాహ్న భోజనం వండే పాక. పాఠాలు చెప్పేవాళ్ళం ముగ్గురం: ఆవిడ, వీరబ్రహ్మం మాస్టారు, నేను. వంట మాణిక్యాంబ చేసేది.

పొద్దున్న ప్రార్థన కాగానే ఏ బడిలోనైనా హాజరు పిలుస్తారు. మా బడిలో దానికంటే ముందు పలకరింపు ఉండేది. ఆవిడ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. పిల్లలు ఒక్కొక్కరే దగ్గరికి వచ్చి నిలబడితే తలమీద చెయ్యి వేసి రెండే మాటలు అడిగేవారు. "రాత్రి నిద్ర పట్టిందా? పొద్దున్న ఏం తిన్నావు?" ఆ వరండాలో నియమం ఒకటే. అబద్ధం చెప్పకూడదు. నిజం ఏదైనా సరే, దెబ్బ పడదు. నిద్ర పట్టనివాళ్ళకి కుర్చీ పక్కన ఈతచాప ఒకటి పరిచి ఉండేది. మొదటి రెండు పీరియడ్లు అక్కడ పడుకోవచ్చు. ఒకసారి తనిఖీకి వచ్చిన ఆఫీసరుగారు చాప మీద గుర్రుపెడుతున్న ముగ్గురిని చూసి, "ఇది బడా, అమ్మమ్మగారిల్లా అండీ?" అన్నారు. "రెండూనండీ. నిద్రపోని పిల్లకి ఎక్కాలు ఎక్కవు" అన్నారు ఆవిడ.

మా వంతూ వచ్చేది. మాస్టారి భార్యకి ఆ ఏడు ఆరోగ్యం బాగుండేది కాదు. ఆయన రాత్రంతా మేలుకున్నానని చెప్పిన రోజున, మధ్యాహ్నం ఆయన తరగతిని తన తరగతిలో కలిపేసుకుని ఇంటికి పంపేసేవారు. "ఇన్నేళ్ళ సర్వీసులో నిద్రపోయావా అని నన్నడిగిన హెడ్మాస్టరు లేడమ్మా" అని ఆయన నా దగ్గర కళ్ళు తుడుచుకునేవారు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. ఊళ్ళో అందరి నిద్రా కావాలి ఈవిడకి, ఇంట్లో కోడలు ఎప్పుడు పడుకుంటుందో తెలియదు అనుకునేదాన్ని.

శ్రావణం రాగానే ఏట్లోకి ఎర్రనీరు దిగింది. ఆడవాళ్ళు రేవుకు వెళ్ళి పసుపు కుంకుమ వేసి దండం పెట్టుకు వచ్చారు. ఏటా వచ్చేదే. గోదారమ్మ పుట్టింటికి వచ్చిన ఆడపడుచులాంటిది, నాలుగు రోజులుండి వెళ్ళిపోతుంది అనుకోవడం మాకు అలవాటు. ఆ ఏడు ఆవిడ నాలుగు రోజుల్లో వెళ్ళే ముఖంతో రాలేదు. రోజూ రేవులో ఒక మెట్టు మింగుతూ పైకి వచ్చింది.

ఆ రోజుల్లోనే చాప నిండడం మొదలైంది.

మొదట ఇద్దరు. తర్వాత అయిదుగురు. తర్వాత చాప చాలక గోనెపట్టాలు పరిచాం. అందరూ గట్టు కింద పేటలోని పిల్లలే. ఊళ్ళో మిగతా పిల్లలకి శుభ్రంగా నిద్ర పడుతోంది. ఈ పిల్లలకే పట్టడం లేదు. ఎందుకురా అంటే కుక్కలు అరుస్తున్నాయండి అన్నాడొకడు. మా ఆవు పాకలో పడుకోవట్లేదండి, రాత్రంతా నిలబడే ఉంటోంది అంది ఇంకో పిల్ల. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైన పిల్లలున్నారు. 

మాణిక్యాంబ కూతురు చిన్నమ్మాయి మూడో తరగతి. నూనె కారేలా రెండు జడలు, నోరు తెరిస్తే చిలకలా మాట్లాడే పిల్ల. ఆ రోజు తల వంచుకుని వచ్చింది.

"నిద్ర పట్టలేదండి."

"ఏమ్మా?"

"మా పొయ్యిలో బూడిద తడిసిపోతందండి. అమ్మ రోజూ ఎత్తి పారబోత్తంది. పొద్దున్నకి మళ్ళీ తడిసిపోతంది."

వంటపాకలోంచి మాణిక్యాంబ గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. "దాని మాటలు నమ్మకండి టీచరుగారూ. కలలు కంటది."

"నువ్వు చెప్పు మాణిక్యాంబా. నీకు నిద్ర పట్టిందా?"

"నాకేంటండి, శుభ్రంగా పట్టింది" అంటూ మాణిక్యాంబ వంటపాకలోకి వెళ్ళిపోయింది. మాణిక్యాంబ కళ్ళు రెండూ చింతనిప్పుల్లా ఉన్నాయి.

అత్తయ్యగారు అంతటితో వదల్లేదు. మర్నాడు చిన్నమ్మాయిని మళ్ళీ అదే అడిగారు. అప్పుడు ఆ పిల్ల గొంతు తగ్గించింది. తగ్గించినా, పక్కనే నిలబడ్డ నాకు ప్రతి మాటా వినబడింది.

"రాత్రిపూట మా నాన్న ఇంట్లో ఉండట్లేదండి. మోటారు షెడ్డు కాడ గట్టుకి బత్తాలు వేత్తన్నారండి. మా నాన్న, కిష్ణగారు. ఎవరికీ చెప్పొద్దన్నారండి. మీరు నిజం చెప్పమంటారు కదండి మరి."

అత్తయ్యగారి చెయ్యి ఆ పిల్ల తలమీదే కాసేపు ఉండిపోయింది. "మంచిదమ్మా. వెళ్ళి పడుకో" అన్నారు.

కృష్ణగారంటే అనంతకృష్ణ. ఆవిడ ఒక్కగానొక్క కొడుకు. నా భర్త. మా బడి విద్యాకమిటీ చైర్మన్ దొరబాబుగారికి గట్టు కింద రొయ్యల చెరువులుంటే, వాటి అజమాయిషీ అంతా మా ఆయనదే. ఏటి నీళ్ళు ఎక్కువగా ఉన్నాయి, చెరువులకి గాలి పట్టించే ఏరియేటర్ల దగ్గర మనిషి ఉండాలి అని చెప్పి రాత్రిళ్ళు వెళ్తున్నారు. నేను నమ్మాను. నమ్మకపోతే నిద్ర పట్టదు కదా.

ఆ సాయంత్రం బడి వదిలాక ఆవిడ ఇంటివైపు నడవలేదు. చెరువుల మోటారు షెడ్డు వైపు నడిచారు. నేను వెనకే వెళ్ళాను.

షెడ్డు వెనక గట్టు వాలు మీద గడ్డి ఒక పట్టీ మేర వేరే రంగులో ఉంది. లేత గడ్డి. అక్కడ ఈ మధ్యనే గట్టు కోసి మళ్ళీ మట్టి కప్పారని చూడగానే తెలుస్తుంది. దాని పాదం దగ్గర ఎండుగడ్డి చుట్టలు కుక్కి, వాటి మీద ఇసుక బస్తాలు పేర్చి, పైన కొబ్బరాకులు కప్పారు. బస్తాల దగ్గర పొడిగానే ఉంది. నేను ఊపిరి పీల్చుకున్నాను.

ఆవిడ పొడిగా ఉన్నచోట ఆగలేదు. గట్టు వెంట పేట వైపు నాలుగు అడుగులు వేసి, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని వంగారు. పిచ్చిమొక్కల మధ్య నేల బుడబుడమంటోంది. ఆవిడ దాంట్లో వేలు ముంచి బొటనవేలితో రుద్ది చూశారు.

"మధూ, ఇలా రా. ఇది ఏం రంగు?"

బడి బయట కాబట్టి మధూ అన్నారో, కొడుకు సంగతి కాబట్టి అన్నారో తెలియదు.

"బురద రంగండీ."

గట్టు కింద కాపురం చేసేవాళ్ళెవరికీ ఇంతకంటే చెప్పక్కర్లేదు. ఊట తేటగా వస్తే గట్టుకి చెమట పట్టిందంటారు. బురదగా వస్తే లోపల మట్టి కదిలిపోతోందని అర్థం. అప్పుడు ఊట నోరు మూయకూడదు. చుట్టూ గుండ్రంగా బస్తాలు పేర్చి నీటిని అక్కడే నిలబెట్టాలి, వెంటనే కబురు చెయ్యాలి. కానీ గుండ్రంగా పేరిస్తే దారిన పోయే ప్రతివాడికీ కనబడుతుంది. అందుకని వీళ్ళు నోరు మూశారు. మూసిన ఊట పక్కన లేచింది. పేటలో పొయ్యిల కింద లేచింది.

ఆవిడ లేచి నిలబడి అక్కడి నుంచి మా బడి వరండాని చూశారు. కేకేస్తే వినిపించేంత దగ్గర.

ఆ సాయంత్రం మా ఆయన దీపాలవేళకే ఇంటికి వచ్చారు. పెరట్లో కాళ్ళు కడుక్కుంటుంటే అత్తయ్యగారు చెంబుతో నీళ్ళు పోస్తూ అడిగారు.

"కృష్ణా, షెడ్డు దగ్గర గట్టు కోసి గొట్టం ఎప్పుడు వేశారు?"

ఆయన తల ఎత్తలేదు. "వేసవిలో. చెరువులకి నీళ్ళు చాలక. నీకెవరు చెప్పారు?"

"మాణిక్యాంబ పొయ్యిలో బూడిద చెప్పింది."

"అమ్మా, నువ్వు బడి సంగతి చూసుకో."

"బడి సంగతే చూసుకుంటున్నాను."

అప్పుడు ఆయన బతిమాలారు. రొయ్య చేతికి వచ్చింది, వారం పది రోజుల్లో పట్టి అమ్మేస్తాం, ఆ తర్వాత తనే వెళ్ళి చెబుతానన్నారు. ఇప్పుడు చెబితే మోటార్లు పట్టుకుపోతారు, దగ్గరుండి గొట్టం వేయించింది తను కాబట్టి కేసు తన మీదే పడుతుంది అన్నారు. "ఊట ఆపేశాం అమ్మా. ఏమీ కాదు."

"ఆపలేదురా, మూశారు. ఈ గట్టు కింద పుట్టినవాడివి, నీకు నేను చెప్పాలా?" అన్నారు ఆవిడ. గొంతు పెంచలేదు. "రేపు పొద్దున్నే ఇరిగేషను ఆఫీసరు దగ్గరికి నువ్వే వెళ్ళు. నువ్వు చెబితే తప్పు ఒప్పుకున్నట్టు. నేను చెబితే నిన్ను పట్టిచ్చినట్టు."

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందమ్మా."

"తెలుసు. అందుకే నిన్ను వెళ్ళమంటున్నాను."

నేను ఆయన వైపే మాట్లాడాను. భార్యని, ఇంకెవరి వైపు మాట్లాడతాను? "అత్తయ్యా, వారం రోజులే కదా. ఏట్లో వరద తీయడం మొదలైతే గోటితో పోతుంది. మీరే గొడ్డలి దాకా తేకండి" అన్నాను.

ఆవిడ చెంబు కింద పెట్టి నావైపు తిరిగారు.

"మధూ, రాత్రి నీకు నిద్ర పట్టిందా?"

కాపురానికి వచ్చాక మొదటిసారి, ఇంట్లో. బడి ప్రశ్నని ఇంట్లోకి తేవద్దని అరవాలనిపించింది. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయన ఎప్పుడు వస్తారా అని తలుపు వైపు చూస్తూ తెల్లవార్చిన రాత్రులన్నీ గొంతులోకి వచ్చాయి.

"లేదండీ" అన్నాను.

మర్నాడు మా ఆయన వెళ్ళారు. ఆఫీసరు దగ్గరికి కాదు, దొరబాబుగారి దగ్గరికి. అటునుంచి అటే షెడ్డుకి వెళ్ళిపోయారు. ఆ రాత్రి ఇంటికి రాలేదు.

అత్తయ్యగారు ఆ రోజు బడిలో ప్రభాతభేరి రిహార్సలు పెట్టారు. పంద్రాగస్టు తెల్లవారుజామున పిల్లలు జెండాలు పట్టుకుని నినాదాలు చేస్తూ వీధులు తిరుగుతారే, అది. "అప్పుడేనా మేడమ్‌గారండీ? ఇంకా టైముంది కదండీ" అన్నారు మాస్టారు. "అలవాటైతే ఆ రోజు తడబడరు మాస్టారూ" అన్నారు ఆవిడ. బడి నుంచి పేట మీదుగా, రోడ్డువార మెరక మీదున్న రైసుమిల్లు దాకా వెళ్ళి తిరిగి వచ్చాం. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ చొక్కాలు పట్టుకోవాలి, వరస విడవకూడదు. నిద్రలేని పిల్లలు కూడా హుషారుగా అరిచారు. పేటలో తల్లులు గుమ్మాల్లోకి వచ్చి నవ్వుతూ చూశారు. ఈవిడకి పంద్రాగస్టు పిచ్చి పట్టిందని నేనూ అనుకున్నాను. ఆవిడ మాత్రం పిల్లల్ని కాకుండా దారిని చూస్తూ నడిచారు.

ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని టీవీలో చెప్పిన రోజు పొద్దున్న, పలకరింపు వేళకే దొరబాబుగారు బడికి వచ్చారు. తెల్లచొక్కా, చేతిలో చాక్లెట్ల డబ్బా. బడికి రెండు ఫ్యాన్లు కొనిచ్చినవారు. వరండాలో అత్తయ్యగారి కుర్చీ ఖాళీగా కనబడితే దాంట్లో కూర్చున్నారు. పిల్లల వరస ఆయన ముందుకి వచ్చి ఆగిపోయింది.

"ఏంటండి టీచరుగారూ, పిల్లల్ని నిద్రల సంగతి అడుగుతున్నారంట" అన్నారు నవ్వుతూ. "మంచిదేనండి. కానీ పసిపిల్లలు కదండి, లేనిపోనివి చెబుతారు. అవి బయటికి పోతే ఊరంతా హడలిపోద్ది. పెద్దవారు, మీకు చెప్పేంతవాణ్ణా? మన కృష్ణ బతుకు కూడా చూడాలి కదండి."

తర్వాత చిన్నమ్మాయిని చూశారు. దగ్గరికి పిలిచి, తలమీద చెయ్యి వేసి, నోట్లో చాక్లెట్టు పెట్టారు. అచ్చం ఆవిడలాగే అడిగారు.

"రాత్రి నిద్ర పట్టిందామ్మా?"

వంటపాక గుమ్మంలో మాణిక్యాంబ కొయ్యబారిపోయింది. చిన్నమ్మాయి తల్లిని చూసింది, దొరబాబుగారిని చూసింది. టీచరుగారి వైపు మాత్రం చూడలేదు.

"పట్టిందండి" అంది.

"చూశారాండి!" అని దొరబాబుగారు లేచారు. మిగిలిన పిల్లలకి డబ్బా పంచమని నా చేతికిచ్చి వెళ్ళిపోయారు. పిల్ల బుగ్గలో చాక్లెట్టు అలాగే ఉంది. చప్పరించడం లేదు.

అత్తయ్యగారి ముఖం ఎలా ఉందో నేను ఇప్పటికీ చెప్పలేను. కొడుకు ఇంటికి రాని రాత్రి కూడా ఆ ముఖం అలా లేదు. ఆ వరండాలో ఒక పిల్ల భయపడి అబద్ధం చెప్పడం అదే మొదలు.

"మాస్టారూ, మీ సెల్‌ఫోను ఇస్తారా?"

ఆ రోజుల్లో మా ఊళ్ళో సిగ్నలు గట్టు మీదే దొరికేది. ఆవిడ మోకాళ్ళ మీద చేతులు వేసుకుంటూ గట్టెక్కారు. నేనూ ఎక్కాను. అవతలి ఒడ్డు కనబడడం లేదు. ఎర్రటి నీళ్ళలో తాటిచెట్టు ఒకటి వేళ్ళతో సహా కొట్టుకుపోతోంది. గట్టు అంచుకీ నీటికీ మధ్య పలక నిలబెట్టేంత జాగా ఉందో లేదో. ఆవిడ ఇరిగేషను ఆఫీసుకి ఫోను చేశారు.

"నమస్కారమండీ. ముత్యాలరేవు ఎలిమెంటరీ స్కూలు హెడ్మిస్ట్రెస్‌ని. గట్టుకి బురద ఊట వస్తోంది. కింద దొరబాబుగారి గొట్టం ఉంది." ఫోను ఇంకో చెవికి మార్చుకున్నారు. "దగ్గరుండి వేయించింది అనంతకృష్ణ అండీ. మా అబ్బాయే. వాడూ, ఇంకో మనిషీ ఇప్పుడు కూడా అక్కడే ఉన్నారు. ముందు వాళ్ళని పైకి తెండి."

నేను ఆవిడ చేతిలోంచి ఫోను లాక్కోవచ్చు. లాక్కోలేదు. ఆవిడని ఆ క్షణంలో అసహ్యించుకున్నాను, అంతే.

కిందికి దిగేసరికి పిల్లలు జెండా దిమ్మ చుట్టూ మూగి ఉన్నారు. నవ్వులు, కేకలు. దిమ్మ పక్కన నేలలోంచి నీళ్ళు చిన్న ఊటబావిలా లేస్తున్నాయి. పిల్లలు అందులో చాక్లెట్టు కాగితాలు వేసి గిరగిరా తిరుగుతుంటే చప్పట్లు కొడుతున్నారు. నీళ్ళు కాఫీ రంగులో ఉన్నాయి.

ఆవిడ పరిగెత్తలేదు. నడిచి వెళ్ళి గంట కొట్టారు.

"ప్రభాతభేరి! వరసలు!"

"మేడమ్‌గారండీ..." అన్నారు మాస్టారు. ఆవిడ ఆయన చేతికి జెండా ఇచ్చారు. "మీరు ముందు నడవండి మాస్టారూ. వెనక్కి చూడకండి. పిల్లలు మీ గొంతు వింటారు, గట్టిగా అనండి." తర్వాత నావైపు చూసి, "మధులతగారూ, వరస చివర మీరు. ఒక్కరు తగ్గకూడదు" అన్నారు. బడి గొంతు. మీరు.

భారత్ మాతాకీ జై అంటూ కదిలాం. పేటలో తల్లులు అలవాటుగా గుమ్మాల్లోకి వచ్చారు. "ఏంటండి, ఇయ్యాల మళ్ళీనా?" అంది ఒకామె. "ఇవాళ తల్లులూ రావాలమ్మా. చంటిపిల్లల్ని ఎత్తుకోండి, ముసలివాళ్ళని లేపండి. ఇంకేమీ తీసుకోవద్దు" అన్నారు అత్తయ్యగారు. ఆ గొంతులో తొందర లేదు. అయినా వాళ్ళ ముఖాల్లో నవ్వు పోయింది. ఒక్కొక్కరే పిల్లల వెనక వరసలో కలిశారు. మాణిక్యాంబ మాత్రం షెడ్డు వైపు తిరిగింది. "మా ఆయన అక్కడే ఉన్నాడండి" అంటూ కదలబోతే అత్తయ్యగారు చెయ్యి పట్టుకున్నారు.

"మావాడూ అక్కడే ఉన్నాడు. ఆఫీసరు జీపు గట్టు మీదే వస్తోంది, వాళ్ళని దింపుతారు. నువ్వు పిల్లతో నడువమ్మా."

ఆ దారంతా నేను వెనక్కి చూస్తూనే నడిచాను. ఆవిడ ఒక్కసారీ చూడలేదు.

గట్టు తెగితే ఫిరంగి పేలినట్టు ఉంటుందనుకుంటారు. అలా లేదు. మేం రైసుమిల్లు మెరక ఎక్కి కాసేపయింది. లారీలోంచి ఇసుక దింపినట్టు ఒక్కసారి జారిన చప్పుడు, అంతే. తర్వాత పేట ఉన్నచోట నీళ్ళు ఉన్నాయి. బడి కప్పు కాసేపు కనబడింది. అది వంగడం చూసి ఒకటో తరగతి పిల్లవాడు నా చీర పట్టుకుని అడిగాడు. "మన చాప అండి?"

పిల్లలందరూ ఉన్నారు. పేటలో అందరూ ఉన్నారు, ఒక్కడు తప్ప. జీపు వచ్చి కేకలు వేసినప్పుడు మా ఆయన, మాణిక్యాంబ భర్త చిట్టియ్య గట్టు మీదికి పరిగెత్తారట. ముందు ఈయన ఎక్కి చెయ్యి ఇచ్చారు. చిట్టియ్య ఆ చెయ్యి పట్టుకున్నాడు కూడా. కాళ్ళ కింద నేల లేకుండా పోయింది.

సాయంత్రం జీపు మా ఆయన్ని మిల్లు దగ్గర దింపింది. మెడదాకా బురద. ఆయన మాణిక్యాంబ ఎదురుగా వెళ్ళి నిలబడ్డారు. వెనక్కి వచ్చి తల్లి కాళ్ళ దగ్గర కూలబడ్డారు. "చిట్టియ్య చెయ్యి నా చేతిలోనే ఉందమ్మా" అన్నారు. మళ్ళీ అదే అన్నారు. ఆవిడ నీళ్ళు తెచ్చి ఆయన కాళ్ళు కడిగారు. అన్నం కలిపి నోట్లో పెట్టారు. పోలీసులు వచ్చాక, "గొట్టం నేనే వేయించాను" అని ఆయనే లేచి వెళ్ళారు. దొరబాబుగారు ఊళ్ళో లేరు. ఇక్కడ నిద్ర పట్టడం లేదని ఏలూరులో చుట్టాలింటికి వెళ్ళారని చెప్పుకున్నారు.

ఊళ్ళో సగం మంది ఆవిడకి చేతులెత్తి మొక్కారు. సగం మంది కన్నకొడుకుని పట్టిచ్చిన తల్లి అన్నారు. కొందరైతే పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి అన్నారు. నేనైతే అసలు ఆవిడతో మాట్లాడడమే మానేశాను. వండి పెట్టేదాన్ని, ఆవిడ తినేవారు. రాత్రిళ్ళు మధ్యగదిలో ఆవిడ మంచం కిర్రుమనడం వినేదాన్ని. నేనూ మేలుకునే ఉన్నానని ఆవిడకీ తెలుసు.

నీళ్ళు తీశాక బడి రైసుమిల్లు గోడౌనులో మొదలైంది. తవుడు వాసన, మూలన వడ్లబస్తాలు. కుర్చీ లేదు, ఆవిడ బస్తా మీద కూర్చున్నారు. పక్కన కొత్త చాప. వెళ్ళకూడదనుకున్నాను గానీ వెళ్ళాను. పిల్లలేం చేశారు పాపం.

చిట్టియ్య పెద్దకర్మ అయ్యాక మాణిక్యాంబ పనిలోకి వచ్చింది. కూతురి రెక్క పట్టుకుని తెచ్చి వరసలో నిలబెట్టింది. చిన్నమ్మాయి జడలకి నూనె లేదు. దాని వంతు వచ్చినప్పుడు అత్తయ్యగారి చెయ్యి లేచింది గానీ తలదాకా వెళ్ళలేదు. పిల్లే మాట్లాడింది.

"ఆ రోజు పట్టిందని అబద్ధం చెప్పానండి. అందుకేనా అండి మా నాన్న...?"

 వీరబ్రహ్మం మాస్టారు గోడవైపు తిరిగిపోయారు.

"కాదమ్మా. నువ్వేమీ చెయ్యలేదు. పెద్దవాళ్ళం చేశాం. నువ్వు నిజం చెప్పబట్టే వీళ్ళంతా ఇక్కడున్నారు." ఆవిడ ఇప్పుడు తలమీద చెయ్యి వేశారు. "రాత్రి నిద్ర పట్టిందా తల్లీ?"

"లేదండి." పిల్ల ఆవిడ ముఖంలోకి చూసింది. "మీకండి?"

ఆ ప్రశ్న అడగడం ఆవిడ పని. ఎవరూ తిరిగి అడగలేదు, ఇన్నేళ్ళలో. కొడుకు అడగలేదు. నేనూ అడగలేదు. ఆవిడ నోరు తెరిచారు. పట్టిందమ్మా అంటారనుకున్నాను, పెద్దవాళ్ళం అలాగే అంటాం కదా.

"లేదమ్మా" అన్నారు. "ఆ రోజు నుంచీ పట్టడం లేదు."

చిన్నమ్మాయి కాసేపు ఆలోచించింది. వెళ్ళి చాప మీద గోడవైపు జరిగి పడుకుంది. ఇవతల ఖాళీగా ఉన్న సగాన్ని అరచేత్తో తట్టింది.

అత్తయ్యగారు నావైపు చూశారు. అనుమతి అడుగుతున్న పిల్లలా చూశారు. నా కోపం పోయిందని చెప్పను, ఆయన జైల్లోనే ఉన్నారు. అయినా, "పడుకోండి అత్తయ్యా. నేను చూసుకుంటాను" అన్నాను. బడిలో అత్తయ్యా అనడం అదే మొదలు. ఆవిడ కళ్ళజోడు తీసి బస్తా మీద పెట్టి, ఆ పిల్ల పక్కన చాప మీద ఒరిగారు. మాణిక్యాంబ వచ్చి ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఒకటో తరగతి నుంచి అయిదో తరగతి దాకా అందర్నీ అవతలి మూలకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. చప్పుడు చేయకండి, టీచరుగారు పడుకున్నారు అని చెప్పాను.